వంటింటి గోడకి బెజ్జం

మా వీధి అరుగు పక్కన అమ్మ ప్రతి వేసవికీ చలివేంద్రం పెట్టేది. కింద తడి ఇసుక, దాని మీద రెండు కుండలు, వాటిలో వట్టివేళ్లు, పక్కన రాగిచెంబు. ఎదురుగానే మిరప కల్లం. తొడిమలు తీసే ఆడవాళ్లు ఘాటుకి గొంతులు పట్టేసి వచ్చి దోసిలి పట్టేవాళ్లు.

"నీళ్లడిగినవాళ్ల ఊరు అడగకూడదురా, పానకాలూ" అనేది అమ్మ.

నేనెప్పుడూ అడగలేదు. నీళ్లు పొయ్యమని పిలిచేసరికి గోడ దూకేసేవాణ్ణి.

అమ్మ పోయేముందు ఆ కుండలు మా ఆవిడ వెంకటేశ్వరమ్మ చేతికిచ్చింది. ఆరేళ్లుగా ఆమే నింపుతోంది.

ఈ ఏడు చిలకలూరిపేట దారిలోని ఒక నూలు మిల్లువాళ్లు సీఎస్సార్ సేవానిధి కింద మా ఊరికో నీళ్ల కూలర్ ఇస్తామన్నారు. చోటిచ్చినవాళ్ల పెద్దల పేరు పలక మీద చెక్కిస్తారట. అమ్మ పేరనగానే నా కళ్లు తడిశాయి. ఆ తడి ఆరకముందే ఇంకో ఆలోచన తట్టింది. కూలర్ వెనక నుంచి సన్న పైపు లాగితే, మిల్లువాళ్ల చల్లనీళ్లు తిన్నగా మా వంటింట్లోకి.

మా అరుగు పక్క చోటిస్తానని వాళ్ల కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. కుండలు అటకెక్కించాను. గోడకి బెజ్జం కొట్టించాను.

"ఏవండీ, ఆ బెజ్జం ఎందుకు?"

"గాలికి."

"కిటికీలోంచి రానంటోందా?"

"నీకు సైన్సు తెలీదులే."

"మీరు తెలుసుగా. చాలు."

ప్రారంభోత్సవానికి మిల్లు మేనేజరు ప్రసన్నకుమార్ గారు వచ్చారు. కూలర్ కన్నా ఫ్లెక్సీ పెద్దది. ముహూర్తం పదిగంటలకి పెట్టింది నేనే. పదికి కల్లంలో కాయ తిరగేస్తారని, ఘాటు లేస్తుందని, పుట్టిందగ్గర్నుంచీ దాని ఎదుటే ఉన్న నాకే గుర్తు లేదు.

"ఈ శుభసమయంలో మా మిల్లు..." అని ఆయన తుమ్మారు. నేను తుమ్మాను. ఫొటోగ్రాఫరు కెమెరాతో సహా తుమ్మాడు. ఒక్క ఫొటోలోనూ ఒక్కరికీ కళ్లు తెరిచి లేవు.

గొంతు మండి ఆయన కూలర్ పంపు తిప్పారు. చుక్క రాలేదు.

"నీళ్లు పోయలేదా?"

"మీరు పోస్తారనుకున్నామండి."

"కూలర్ మాది, నీళ్లు చోటిచ్చినవాళ్లవని కాగితంలో ఉందిగా. అయినా వెనక ఈ పైపేంటి?"

కల్లంలో ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. నేను పైపుకి అడ్డంగా జరిగాను.

వెంకటేశ్వరమ్మ రాగిచెంబుతో వచ్చింది. అటక మీది కుండలు తెల్లారేసరికే ఇసుకలోకి దిగాయని అప్పుడు చూశాను. మేనేజరు గారి దోసిట్లో నీళ్లు పోస్తూ చెప్పింది.

"మా బోరు నీళ్లు కూలర్‌కి పెట్టడానికండీ. పుణ్యమంతా మిల్లుకే పోతే ఎట్టా, అమ్మ పేరు కదా అని మా ఆయనే వేయించారు."

లోపలికెళ్లి పైపు మా వంటింటి పంపుకి తగిలించి తిప్పింది. మా నీళ్లు బుడబుడా వీధిలోకెళ్లాయి. మేనేజరు నన్నూ పైపునూ నిలబెట్టి ఫొటో తీయించారు. అందులో మాత్రం కళ్లు తెరిచే ఉన్నాను, తేలేసి.

ఇప్పుడు రోజూ ఆరింటికి మోటారు వేసేది నేను. కరెంటు పోతే కుండల దగ్గర కూర్చునేదీ నేనే. నిన్న కల్లంలోంచి వచ్చిన దేవకుమారి దోసిలి తుడుచుకుంటూ, "అచ్చం మీ అమ్మ పోసినట్టే పోస్తున్నావు, బాబాయ్" అంది.

చెంబు కుండ మీద బోర్లించాను. ఇంట్లోకొచ్చి మా ఆవిణ్ణి అడిగాను.

"పైపు సంగతి ముందే తెలిస్తే అప్పుడే ఆపొచ్చుగా?"

"ఎందుకాపాలి? కుండలు నా చేతికిచ్చిన రోజే మీ అమ్మ చెప్పింది. 'వాడు పొయ్యమంటే పొయ్యడే, పోయించాలి' అని. ఆరేళ్లకి వీలు చిక్కింది. వెళ్లండి, రెండో కుండ ఖాళీగా ఉంది."