జవాన్ల ఒత్తిడి నివారణపై సన్మాన సభ

సైనికుల్లో యుద్ధ ఒత్తిడిని ఎలా నివారించాలన్న సమస్య మొన్న బుధవారం కొత్తగూడెంలో, మా కాలేజీ హాల్లో, పూర్తిగా పరిష్కారమైపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. దేశం ఇక నిశ్చింతగా నిద్రపోవచ్చు.

దీనికంతటికీ మూలం ఫైనలియర్ సైకాలజీ చదివే నవత. మా కాలేజీలో ప్రాజెక్టు పేపరంటే గేటు పక్క జిరాక్స్ షాపులో నిరుటిది తీసి, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించడం. ఎవరికీ తలనొప్పి లేని పద్ధతి. ఈ పిల్ల మాత్రం జవాన్ల ఒత్తిడి మీద సొంతంగా రాస్తానని కూర్చుంది. చాదస్తం కాకపోతే ఏమిటి!

కారణం ఇంట్లోనే ఉంది. వాళ్లన్న సాయికృష్ణ చర్ల అవతల అడవి క్యాంపులో జవాను. సెలవు మీద వచ్చాడు. మా ఊళ్లో మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయితే వంటింట్లో గిన్నెలు కదులుతాయి గానీ మనుషులు కదలరు. అతను మాత్రం మంచం కిందికి దూరి, అన్నం తింటున్న చెల్లెల్ని కూడా లోపలికి లాగుతున్నాడు. తల్లి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. తండ్రి మంగయ్య మాత్రం, జవాను పిచ్చి దవాఖానాకు పోతే గని క్వార్టర్లల్ల తలెత్తుకొని తిరగలేమని తేల్చేశాడు. శుక్రవారం సెలవు అయిపోతుంది.

నవత ఆశంతా ఈ పేపర్లు చదివే సభకు ముఖ్య అతిథిగా వస్తున్న మానసిక వైద్యులు జయప్రకాశ్ గారి మీదే. ఆయన అన్నను చూసి ఒక్క ముక్క రాసిస్తే సెలవు పొడిగిస్తారు. ఆ మాటే ప్రిన్సిపాల్ వెంకటరామారావు గారికి చెప్పుకుంది.

"సార్, అన్నకు సప్పుడు పడుతలేదు. డాక్టర్ సారు పక్కకు కూసోబెట్టుకొని ఒక్కసారి మాట్లాడితే సాలు."

జవానును పక్కన కూర్చోబెట్టడమేమిటని ప్రిన్సిపాల్ గారు నొచ్చుకున్నారు. వేదిక మీద నడిమధ్యన కూర్చోబెట్టి, ఘనంగా సన్మానించాలని అక్కడికక్కడే తీర్మానించారు.

వక్తలు దేశభక్తి మీద తనివితీరా మాట్లాడాక, నవతకు రెండు నిమిషాలు మిగిలాయి. ఇంటికొచ్చిన జవానుకు ముందుగా కావలసింది నిశ్శబ్దమని ఆమె చదువుతుండగానే, టైమ్ అయిపోతోందని సాయికృష్ణ భుజాల మీద శాలువా కప్పారు. శాలువా పడగానే పటాకుల లడీ పేలాలి, మా దగ్గర అదే మర్యాద. కుర్రాళ్లు గుమ్మంలోనే అంటించారు.

సాయికృష్ణ ఒక్క ఉదుటున డాక్టర్ గారిని, చెల్లెల్ని టేబుల్ కిందికి తోసి, వాళ్ల మీద బోర్లా పడుకున్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అబ్బ, ఏం చప్పట్లు!

"అన్నా, ఏం కాలే. ఇది మన కొత్తగూడెమే," అంటూ నవత అతని చెవులు మూసింది.

డాక్టర్ గారు కోటు దులుపుకుంటూ మైకు అందుకున్నారు. "ఇంత చురుకైన జవాను ఉండగా ఒత్తిడి ఎక్కడిదండీ? ఈ అబ్బాయి వంద శాతం ఫిట్!"

నవత పేపరుకు ప్రథమ బహుమతి ప్రకటించారు. ఫోటో సరిగ్గా రాలేదని విలేకరులు అడిగితే ఇంకో లడీ కాల్చారు.

సాయికృష్ణ శుక్రవారం పొద్దున మళ్లీ క్యాంపుకని భద్రాచలం బస్సెక్కాడు. వీడియో మీ గ్రూపులోకి కూడా వచ్చే ఉంటుంది. టేబుల్ కింద చెల్లెలు అతని చెవులు మూయడం అందులో స్పష్టంగానే కనిపిస్తుంది. మీరు జెండా బొమ్మ పెట్టి, నలుగురికీ పంపారు.