సొట్ట దాకా కొలత

పెద్దాడపడుచు మధ్యాహ్నం భోజనానికి వస్తోందని తెలిసి, మొగుడు ఆఫీసుకెళ్లగానే కొత్త కోడలు ఒక పథకం వేసుకుంది. పెళ్లయి మూడు నెలలైనా అత్తగారు గరిటె ఆమె చేతికివ్వలేదు. వంటింట్లో ఎలాగూ చోటు లేదు, కనీసం ముందుగదిలోనైనా ఒక మూల అలంకరించి "ఇది కోడలి పనితనం" అనిపించుకోవాలని ఆశ. పెరటి గట్టు మీద, పాత సామాన్లవాడి కోసం తీసిపెట్టిన డబ్బాల పక్కన, పొట్టకు సొట్టపడ్డ డబ్బా ఒకటి ముచ్చటగా కనిపించింది. నీలం రంగు పూసి, మెడకు గోనెతాడు చుట్టి, ఎండలో పెట్టింది.

మామగారిది సైకిళ్లు బాగుచేసే కొట్టు. సుత్తి చేతిలో ఉంటే ఊరుకునే మనిషి కాదు. కోడలు మొక్క పెట్టుకుంటుంది కాబోలనుకుని, అడక్కుండానే డబ్బా అడుగున నాలుగు చిల్లులు పొడిచి వెళ్లిపోయారు. కోడలు అది చూసుకోలేదు. సొట్టను గోడవైపు తిప్పి బల్లమీద పెట్టి, నీళ్లుపోసి పూలు గుచ్చిందో లేదో, వంటింట్లోంచి కేక వినిపించింది.

"నా బియ్యం డబ్బా ఏదీ? కడిగి గట్టు మీద బోర్లించానే!"

కోడలు చప్పున బల్లమీది డబ్బా వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో బియ్యానికీ నీళ్లకూ అదే కొలత. ఇంటివాళ్లకు సొట్ట దాకా, చుట్టాలకు అంచు దాకా. మెతుకు మెతుక్కి అంటదని అత్తగారికి వీధంతా పేరు.

"అత్తయ్యా, అదీ..."

"నువ్వేం చేస్తావులే అమ్మాయ్! మీ మామయ్యే, మేకులు పోసుకోడానికి పట్టుకుపోయుంటారు. రానీ చెప్తాను."

నిజం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది.

అత్తగారు గ్లాసుతో కొలిచారు. చాలదేమోనని ఇంకోటి, చుట్టం వస్తోంది కదాని మరోటి. అన్నం మూతను నెత్తికెత్తుకుని లేచింది. "నీళ్లు పొయ్యి!" కోడలు పోసింది. జావయింది. "బియ్యం వెయ్యి!" వేసింది. గిన్నె చాల్లేదు. "పక్కింటి పిన్నినడిగి డేగిసా పట్రా!"

పిన్ని డేగిసా ఇస్తూ కోడలి గడ్డం పట్టుకుంది. "ఏంటమ్మా విశేషం?"

"ఏమీ లేదు పిన్నిగారూ."

అంత డేగిసా చంకనెత్తుకుని ఏమీ లేదంటే ఎవరు నమ్ముతారు? పైగా కొత్త కోడలు, భయంతో ఎర్రబడ్డ మొహం. అన్నం ఉడికేలోపే వీధిలో కబురు ఉడికిపోయింది.

ఆడపడుచు వచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. "మాకు చెప్పకుండా దాచావే వదినా! అన్నమైనా పెట్టు," అంటూ వీధివాళ్లంతా అత్తగారి ముందు బారుగా కూర్చున్నారు. అత్తగారు అవుననలేదు, కాదనలేదు. కాదంటే ఆ డేగిసా ఎవరు ఖాళీ చేస్తారు?

వాళ్లు కడుపారా తిని, కోడల్ని నోరారా దీవించి వెళ్లాక ఆడపడుచు అడిగింది. "అమ్మా, బల్ల కింద ఈ చెరువేంటే?" పూలడబ్బా ఎత్తి తిప్పింది. సొట్ట బయటపడింది.

కోడలి కళ్లు నిండాయి. "నేనే అత్తయ్యా. పారేసేదనుకున్నాను. మామయ్యగారి తప్పేం లేదు."

"చిల్లులు మాత్రం నావే," అన్నారు కొట్టునుంచి భోజనానికొచ్చిన మామగారు, మూడోసారి వడ్డించుకుంటూ. "పోతే పోయిందిలేవే. పెళ్లయ్యాక ఇవాళే నా కడుపు నిండింది. నీ సొట్ట దాకా కొలతతో ఏనాడు నిండింది గనక!"

"ముప్పై ఏళ్లూ అర్ధాకలితో లేచారా? నోరు విప్పి చెప్పొచ్చుగా!"

"గరిటె పట్టుకున్నవాళ్లకి ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది?"

అత్తగారు డబ్బాకంటిన తడి చేత్తో తుడిచి, బల్లమీద పెట్టారు. "రంగు బాగానే వేశావు. సొట్ట ఇటు తిప్పి పెట్టు, కనబడనీ." వంటింటి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "రేపట్నుంచి బియ్యం నువ్వే కొలువు."

మర్నాడు తెల్లారగానే మామగారు ఆ డబ్బాకు ఇంకో రెండు చిల్లులు పొడిచారు, పొరపాటున మళ్లీ వంటింట్లోకి వెళ్తుందేమోనని.