కలెక్టరమ్మ అడుగులు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. నాకు సూదంటే భయం. జ్వరమొస్తే డాక్టరు బ్యాగు తెరిచే చప్పుడుకే తగ్గిపోతుంది. అలాంటి నాతో డాక్టర్ సుచరితగారు, "జయపాల్ గారూ, మూడు నెలల్లో షుగర్ తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ సూదే" అనేశారు.

ఆవిడ మా రాచర్ల పల్లెల్లో పరిశోధన చేస్తున్నారు. యాభై దాటిన షుగర్ మనుషులు రోజూ నడిస్తే ఒంట్లో ఏం మారుతుందో చూస్తారట. నా చేతికి అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టారు. రోజూ సాయంత్రం ఆశా కార్యకర్త కృపారాణికి చూపించి అంకె రాయించాలి.

మొదటి రోజు మూడు వందలు. అందులో సగం టీ బంకు దాకా వెళ్ళి వచ్చినవే.

మాకు నాలుగు మేకలున్నాయి. ఎవరి మాటా వినని దాని పేరు కలెక్టరమ్మ. అంకె బాగుంటే సూది తప్పుతుందనుకున్నాను. మర్నాడు నా భార్య రాహేలు మేకల్ని తోలుకుపోయే ముందు, పట్టీని కలెక్టరమ్మ మెడగంట తాడుకు చుట్టేసి హాయిగా మంచమెక్కాను.

సాయంత్రానికి ఇరవై ఒక్క వేలు! కృపారాణి నోరు తెరిచింది.

"నువ్వు మనిషివా, బస్సువా మామా?"

మూడో రోజు రాహేలు మూడు మేకలతోనే వచ్చింది.

"కలెక్టరమ్మ ఏదే?"

"యాడనో తప్పిపోయింది. ఆకలైతే అదే వస్తాదిలే."

"అట్లంటావేంది? నక్కలుంటాయే!"

"పోయినేడు పొట్టేలు పోతే మంచం దిగలేదు గదయ్యా నువ్వు. ఈ మేక మీద అంత ప్రేమేంది?"

ఏం చెప్పను? పరుగెత్తాను. ఒళ్ళంతా కంపముళ్ళు గీరుకుపోయాయి. రెండు మైళ్ళ అవతల, ఏసురత్నం బావ కందిచేను పక్కన నెమరేస్తూ కనిపించింది మహాతల్లి.

ఇక రోజూ ఇదే తంతు. ఒకరోజు చెరువు కట్ట, ఒకరోజు కొండ కింద. నెల తిరిగేసరికి చొక్కా వదులైంది. రెండో నెలకు ఆయాసం పోయింది. నేను మాత్రం మేకను తిట్టుకుంటూనే ఉన్నాను.

మూడు నెలలకు రక్తపరీక్ష చేశారు. సుచరితగారు కాగితం చూసి, "మూడు నెలల షుగర్ సగటు తొమ్మిదిన్నర నుంచి ఏడుకు దిగింది. సూది అక్కర్లేదు" అన్నారు.

నేను ఛాతీ విరిచాను. "మరేమనుకున్నారు? రోజుకు ఇరవై వేలు నడిచినాను మేడమ్!"

"అవి మేకవి," అన్నారావిడ చల్లగా. "రాహేలమ్మ మొదట్లోనే చెప్పేసింది. ఆ అడుగులు నా పరిశోధనలో లెక్కకు రావు. మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టండి."

నేను పక్కనే ఉన్న రాహేలు వైపు తిరిగాను. "అయితే మేక తప్పిపోయింది..."

"నేనే కట్టేసి వస్తుంటి. నడువంటే నడుస్తావా నువ్వు? మేకను ఎతుకంటే పోతావు."

"మూడు నెలలు నన్ను కంపల్లో తిప్పినావు గదే!"

ఆమె గొంతు తగ్గింది. "మా నాయన కాలు తీసేసినారు గదయ్యా ఈ షుగర్‌కే. నిన్ను అట్ల చూడలేను."

కృపారాణి ఈసారి పట్టీని నా చేతికే గట్టిగా బిగించింది.

మర్నాడు సాయంత్రం రాహేలు మళ్ళీ మూడు మేకలతోనే వచ్చింది.

"యాడనో తప్పిపోయిందయ్యా," అంది నవ్వాపుకుంటూ.

నేను చెప్పులు వేసుకున్నాను.