ఏడుపు వేళలు: ఒంటిగంట నుంచి రెండు వరకు

విశ్వవిద్యాలయ ఉద్యోగులలో ఏడవదలచినవారు మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య మాత్రమే ఏడవాలనీ, మిగతా వేళల్లో ఏడిస్తే అరపూట సెలవుగా పరిగణిస్తారనీ 1996 ఆగస్టులో ఒక సర్క్యులర్ వచ్చింది. దాన్ని అందరూ స్వాగతించారు. జులై నెలంతా ఎవరు ఎప్పుడు ఏడుస్తున్నారో తెలియక ఫైళ్లు తడిసిపోయాయి మరి.

దీనికంతటికీ మూలకారకుడు ఇన్నయ్య. తూర్పు దేశాల భాషల విభాగంలో టీవీ, వీసీఆర్ చూసుకునే తాత్కాలిక ఉద్యోగి. సొంతూరు రేపల్లె దగ్గర, తండ్రి చర్చిలో ఉపదేశి. ఇంటర్ పాసయి హైదరాబాద్ వచ్చి, కొన్నేళ్లు ఏవేవో పనులు చేసి, ఎనభై తొమ్మిది రోజుల ఉద్యోగంలో చేరి పదకొండేళ్లయింది. తొంభయ్యో రోజు కూడా పనిచేయిస్తే మనిషికి హక్కులు మొలుచుకొచ్చే ప్రమాదం ఉంది కనుక, విశ్వవిద్యాలయం ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం అతన్ని మర్యాదగా తీసేసి, ఒక రోజు ఇంట్లో కూర్చోబెట్టి, ఆ మర్నాడు పొద్దున అంతే మర్యాదగా కొత్తగా చేర్చుకునేది. ఆ విధంగా ఇన్నయ్య నలభై నాలుగుసార్లు ఉద్యోగం పోగొట్టుకున్నాడు, నలభై అయిదుసార్లు సంపాదించుకున్నాడు. ఇంతటి అనుభవం వైస్ ఛాన్సలర్ గారికి కూడా లేదు.

ఆ ఏడాది మార్చిలో విభాగంలోని జపాను అధ్యాపకుడు ముగ్గురు విద్యార్థులకు రెండేళ్లు పాఠం చెప్పి, అలసిపోయి, స్వదేశం వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ పద్నాలుగు వీడియో క్యాసెట్లు ఇచ్చి వెళ్లాడు. అవన్నీ బొమ్మల సినిమాలు. వీటిని మా దేశంలో ఆనిమే అంటారని ఆయన చెప్పాడు. విభాగం సూపరింటెండెంట్ రాజలింగు చెవికి అది మరోలా వినబడి, స్టాకు రిజిస్టరులో ‘అణిమ - 14’ అని రాసుకున్నాడు. అష్టసిద్ధుల్లో మిగతా ఏడూ ఎప్పుడు అందుతాయో తెలపాలని ఆడిట్ వాళ్లు రాతపూర్వకంగా అడిగారు.

ఆ సినిమాల్లో అభ్యంతరకరమైనవేవీ లేవని ఎవరో ఒకరు చూసి సర్టిఫికెట్ రాయాలి. శాశ్వత ఉద్యోగులకు బొమ్మల సినిమాలు చూసే పని చెప్పడం నిబంధనలకు విరుద్ధం కనుక ఆ పని ఇన్నయ్యకు పడింది. మాటలన్నీ జపాను భాషలో ఉన్నాయి. అడుగున ఇంగ్లీషు అక్షరాలైనా లేవు. అధ్యాపకుడు వెళ్లేముందు చేతులు తిప్పుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో కథలన్నీ చెప్పాడు. ఇన్నయ్యకు సగం అర్థమయ్యాయి. తక్కిన సగం బొమ్మల మొహాలు చూసి తనే పూరించుకున్నాడు. వారం రోజులు తలుపేసుకుని పద్నాలుగూ చూసి, ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చి ఇలా రాశాడు: ‘అభ్యంతరకరమైన దృశ్యాలు లేవు. చూసినవారు ఏడుస్తారు.’

రాజలింగు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. జనగామ దగ్గర వ్యవసాయదారుల కుటుంబంలో పుట్టి, చదువుకుని, ఇరవై ఎనిమిదేళ్లుగా కాగితాలతోనే బతుకుతున్న మనిషి. ఇలాంటి వాక్యం ఏ ఫైలులోనూ చూడలేదు.

“ఏంది ఇన్నయ్యా, సర్టిఫికెట్ల గిట్ల రాస్తరా? ఏడుస్తరని నువ్వెట్ల చెప్తవ్? రుజువు కావాలె గద.”

రుజువు కోసం సూపరింటెండెంట్ స్వయంగా కూర్చున్నాడు. చూపులేని ముసలి గుర్రానికి సముద్రం చూపించాలని ఒక చిన్నపిల్ల కొండలన్నీ దాటించి తీసుకెళ్లే సినిమా అది. ఇన్నయ్య టీవీ పక్కన నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెప్పుకొచ్చాడు. గుర్రం ఒడ్డుకు చేరి, నీటి చప్పుడు విని, ఆ పిల్ల ఒళ్లో తల పెట్టగానే రాజలింగు జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు. అది దొరికేలోగా చొక్కా తడిసింది. కళ్లు తుడుచుకుని సర్టిఫికెట్ కింద ‘సరిచూడబడినది’ అని రాసి సంతకం చేశాడు.

ఆ సంతకం తర్వాత ఇన్నయ్యకు తీరిక లేకుండా పోయింది. క్యాంపస్‌లో తెలివికి కొదవ లేదు, కోపానికి అంతకన్నా లేదు, కన్నీళ్లకే చాలా ఏళ్లుగా కరువు. ఏ సినిమా చూస్తే ఏడుపొస్తుందో చెప్పమని ఒక్కొక్కరే వచ్చి అతని గది ముందు నిలబడేవారు. ఇన్నయ్య ఎవరికీ ఊరికే చెప్పేవాడు కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇంటి సంగతులు అడిగేవాడు. ప్రమోషన్ తప్పిన రీడరుకు, గొడుగు బాగుచేయించుకోవడానికి ఇచ్చి మళ్లీ రాని మనిషి కోసం మంచు ఊళ్లో ఎదురుచూసే ముసలమ్మ సినిమా చెప్పాడు. మెస్సులో పప్పు నీళ్లయినా, విద్యార్థులు కంచాలు మోగించినా చలించని హాస్టల్ వార్డెనుకు గుర్రం సినిమా చెప్పాడు. వార్డెను ఆ సాయంత్రం పెరుగు రెండోసారి వడ్డించమన్నాడు. గోల్నాక నుంచి ఒక అత్తాకోడళ్లు టిఫిన్ డబ్బాలతో సహా వచ్చారు. ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. గుర్రం కోసం ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చి, తార్నాక చౌరస్తా దాకా చేతులు పట్టుకుని నడిచి, ఆటో బేరం దగ్గర మళ్లీ విడిపోయారు. వచ్చేవారం రావడానికి ఇద్దరూ విడివిడిగా పేరు రాయించుకున్నారు.

ఎవరికీ గిట్టని ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ పోతే, సంతాపసభకు వచ్చేముందు శాఖవారందరికీ గొడుగు సినిమా వేయించారు. సభలో కారిన కన్నీళ్లు చూసి ఆయన కుటుంబమే నివ్వెరపోయింది. ఇంట్లో తమకు తెలియకుండా బయట ఇంత మంచి మనిషిగా బతికాడా అని ఆయన భార్య చాలా బాధపడింది.

ఇక ఉప రిజిస్ట్రార్ నరహరి. ఆయన గదిలోకి వెళ్లిన దరఖాస్తు తిరిగి బయటికి రావడం ఎవరూ చూడలేదు. అటువంటి ఆయన ఒకరోజు ఇన్నయ్యను పిలిపించి, తలుపు దగ్గరికి వేయమని, గొంతు తగ్గించి తనకూ ఒకటి చెప్పమన్నాడు. ఇన్నయ్య స్టేషన్ ఊడ్చే మరమనిషి సినిమా చెప్పాడు. రైళ్లు ఆగిపోయిన స్టేషన్‌లో ఒక మరమనిషి రోజూ ప్లాట్‌ఫారం ఊడుస్తుంటుంది. స్టేషన్ మూసేశారని దానికెవరూ చెప్పరు. పక్కాగా పనిచేస్తే నీ మెడలో కూడా ఉద్యోగుల బిళ్ల వేస్తానని స్టేషన్ మాస్టరు ఎప్పుడో మాటిచ్చాడు. చివరికి మంచు కురుస్తుంటే అది చీపురు పక్కన పెట్టి, ఖాళీగా ఉన్న తన మెడ తడుముకుంటుంది. నరహరి ఆ దృశ్యాన్ని వెనక్కి తిప్పించి తిప్పించి ఏడుసార్లు చూశాడు, ఏడుసార్లూ ఏడ్చాడు.

“ఒక్క బిళ్ల. రేకు బిళ్ల. ఇస్తె ఏం పోతుండె వాళ్లకు?” అన్నాడు.

ఆ మర్నాడే సర్క్యులర్ వచ్చింది. దాన్ని ప్రకటిస్తూ నరహరి సెనేట్ హాలులో ప్రసంగించాడు. “మిత్రులారా, ఇన్నాళ్లూ మనం విజ్ఞానాన్నే ఉత్పత్తి చేశాం. నేడు విషాదంలో కూడా స్వయంసమృద్ధి సాధించాం. క్రమశిక్షణ లేని కన్నీరు వరద. క్రమశిక్షణ గల కన్నీరు సంస్కృతి” అన్నప్పుడు చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇన్నయ్య వెనక గోడకు ఆనుకుని నిలబడి తనూ కొట్టాడు.

సెప్టెంబరులో తాత్కాలిక ఉద్యోగులను శాశ్వతం చేసే ఫైలు కదిలింది. నలభై ఏళ్లు నిండనివారికే అవకాశం. ఇన్నయ్యకు నవంబరులో నలభై నిండుతాయి. ఈసారి తప్పితే ఇక లేదు. అతని భార్య గ్లోరీ బౌద్ధనగర్‌లో ఒక చిన్న బడిలో టీచరు. పదకొండేళ్లుగా ఆ విరామపు రోజున మాణికేశ్వర్ నగర్‌లోని తమ గది ముందు భర్త కుర్చీ వేసుకుని కూర్చోవడం, వచ్చేపోయేవాళ్లు ఏమయ్యా ఉద్యోగం పోయిందా అని పలకరించడం చూస్తోంది. ఎప్పుడూ ఏమీ అనేది కాదు. ఆ రోజు కూర మాత్రం కొంచెం మంచిది వండేది.

“ఊరందరినీ ఏడిపిస్తున్నారు. మనకోసం ఒక్కళ్లన్నా ఏడిస్తే బాగుండునండి” అంది ఈసారి.

రాజలింగు మంచివాడు. కమిటీ ముందు ఫైలు పెట్టేముందు మనసులు మెత్తబడేలా ఒక సినిమా చూపిస్తే పని అయితదని అతనే ఉపాయం చెప్పాడు. నరహరి అధ్యక్షతన అయిదుగురు సభ్యులు పొద్దున పదకొండింటికి కూర్చున్నారు. వేళ కాని వేళ ఏడవడానికి ముందే ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. ఇన్నయ్య టీవీ పక్కన నిలబడి మరమనిషి కథ చెప్పాడు. అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. బిళ్ల దగ్గరికి వచ్చేసరికి తెర వైపు చూడ్డం కూడా మానేశాడు. అయిదుగురూ వెక్కివెక్కి ఏడ్చారు. ఒక సభ్యుడికి సోడా తెప్పించాల్సి వచ్చింది. తర్వాత ఇన్నయ్యను బయట నిలబడమని తలుపేసుకుని చర్చించారు.

రెండు తీర్మానాలు చేశారు. మొదటిది: సదరు మరమనిషికి జరిగిన అన్యాయాన్ని కమిటీ తీవ్రంగా ఖండిస్తూ, సినిమాలోనైనా దానికి వెంటనే బిళ్ల మంజూరు చేయాలని జపానులోని సినిమా కంపెనీకి లేఖ రాయడం. రెండవది: నిరంతర సర్వీసు లేనందున ఇన్నయ్య దరఖాస్తు తిరస్కరించడం.

ఇన్నయ్య నరహరి గదికి వెళ్లి నిలబడ్డాడు. నరహరి కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి.

“రూల్ అట్ల ఉన్నదయ్యా. నీ సర్వీస్‌ల నలభై నాలుగు బ్రేకులున్నయ్.”

“ఆ బ్రేకులు మీరిచ్చినవేనండి.”

“అందుకే గద, రికార్డుల పక్కాగ ఉన్నయ్.”

ఇన్నయ్య కదల్లేదు. నరహరి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నిజానికి ఆయన దుర్మార్గుడేమీ కాదు.

“నువ్వు బాధపడకు. నీ ఫైలు సూస్తె నాక్కూడ ఏడుపొస్తే బాగుండనుకున్న. రాలే. నువ్వు రోజూ కండ్లముందట్నే తిరుగుతుంటివి, ఎట్లొస్తది?” అన్నాడు.

ఇన్నయ్య ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాడు. గ్లోరీ ఆ సినిమా అంతకుముందే ఒకసారి చూసింది. చపాతీ పిండి కలుపుతున్నదల్లా ఆగి, బిళ్ల లేదని అయిదుగురూ ఏడ్చారా అని అడిగింది. ఏడ్చారన్నాడు. అటెండర్లందరి మెడలోనూ బిళ్ల ఉండి మీ ఒక్కరి మెడలో లేదు కదా, అది ఎవరూ చూడలేదా అని అడిగింది. ఆమె మళ్లీ పిండి కలపసాగింది, అవసరమైనదాని కన్నా చాలాసేపు.

నవంబరులో ఇన్నయ్యకు నలభై నిండాయి. డిసెంబరు మొదటి వారంలో జపాను నుంచి జవాబొచ్చింది. చాలా వినయమైన ఉత్తరం. మీ కమిటీకి తలవంచి నమస్కరిస్తున్నాం, కానీ మా సినిమాలో బిళ్ల ప్రస్తావనే లేదు, స్టేషన్ మాస్టరు మాటివ్వడమూ లేదు, చివర మరమనిషి మెడ తడుముకునేది అక్కడ మంచు పడినందువల్ల మాత్రమే అని అందులో ఉంది. అయితే ఆ బిళ్ల సంగతి చదివి మా దర్శకుడు కన్నీళ్లు పెట్టుకున్నారు, కొత్త ప్రతిలో చేర్చాలనుకుంటున్నారు, ఆ ఊహ ఎవరిదో తెలియజేస్తే వారి పేరు సినిమా చివర వేస్తాం అని కూడా ఉంది.

విచారణ జరిగింది. అనధికారికంగా ఉన్నతాధికారులను ఏడిపించడం చిన్న విషయం కాదు. నరహరి ఇన్నయ్యను నిలబెట్టి అడిగాడు.

“సినిమల బిళ్ల లేదంట గద. మరి అదెక్కడిది?”

“నాదేనండి” అన్నాడు ఇన్నయ్య.

కమిటీ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాము ఇన్నాళ్లూ ఏడ్చింది జపాను మరమనిషి కోసం కాదనీ, ఎనభై తొమ్మిది రోజుల మనిషి కోసమనీ తెలిసి వాళ్లకు చాలా అవమానంగా అనిపించింది. తన హోదాకు తగని కన్నీళ్లు కార్పించారని ఒక సభ్యుడు నిరసన నమోదు చేయించాడు. జపానుకు ఇన్నయ్య పేరు రాద్దామా అని రాజలింగు నెమ్మదిగా అడిగాడు.

“పేరు రాస్తే అది రికార్డయితది. రేపు కోర్టుకు పోయి, నేనీడ పనిచేసిన అంటడు” అన్నాడు నరహరి.

జవాబు అందరూ కలిసి తయారుచేశారు. ‘రికార్డులు క్షుణ్ణంగా పరిశీలించాం. సదరు ఊహ గల వ్యక్తి ఎవరూ మా సంస్థలో ఉద్యోగిగా లేరు. కావున సినిమా చివర కమిటీ సభ్యుల పేర్లు సీనియారిటీ ప్రకారం వేయగలరు. జాబితా జతపరచడమైనది.’ టైపిస్టు సెలవులో ఉన్నందున రాజలింగే కూర్చుని ఇంగ్లీషులో టైపు చేశాడు. చేస్తున్నంతసేపూ అతనికి గుండెల్లో ఏదో బరువుగా ఉంది. అదేమిటో తెలియలేదు. గడియారం చూశాడు, ఒంటిగంట కావస్తోంది. టైపు మిషన్ ముందు నుంచి లేవకుండానే ఇన్నయ్యను పిలిచాడు.

“ఇన్నయ్యా, ఇయ్యాల మనసు మంచిగ లేదు. కడుపునిండ ఏడ్వాలనిపిస్తున్నది. ఏది సూడమంటవ్?”

ఇన్నయ్య అతని వైపు చూశాడు. ఇన్ని నెలల్లో ఎవరికి ఏది సరిపోతుందో అతను పొరపాటు పడలేదు.

“మీ మిషన్‌లో ఉన్న కాగితం ఇంకోసారి చదవండి సార్” అన్నాడు.

రాజలింగు కళ్లజోడు సవరించుకుని, పెద్దల సలహాను పాటించినంత శ్రద్ధగా, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. రెండు అక్షర దోషాలు దొరికాయి. దిద్దాడు.