నరసింహం కొట్లో నెమలి

ఆ పొద్దున మున్నీ అనుకున్నది చాలా చిన్న సంగతి. పత్తి షావుకారు నరసింహం కొట్లో కంప్యూటర్ మొదటి తూకం పట్టీ అచ్చు వేస్తుంది. ఎవరో ఒక రైతు దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు. తను ఎవరితోనూ పెద్దగా మాట్లాడే అవసరం లేకుండా ఇంటికి వచ్చేస్తుంది.

మున్నీ అసలు పేరు కరీమున్నీసా. రొంపిచెర్ల హైస్కూల్లో చదివినన్నాళ్ళూ వెనక బెంచీ వదల్లేదు. ఇంటర్ పరీక్షలయ్యాక గుంటూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి కంప్యూటర్ నేర్చుకుంది. మనుషులు ఏదైనా అడిగితే జవాబు గొంతులోనే ఆగిపోయేది. కంప్యూటర్ అడిగితే మాత్రం వేళ్ళు తడుముకోకుండా చెప్పేవి. తండ్రి జాన్ సాహెబ్ నరసరావుపేటలో టైపు మిషన్లు బాగుచేస్తాడు.

ఎనభై ఏడులో పేట పత్తి బజారు మొత్తానికి కంప్యూటర్ ఒక్కటే ఉండేది. నరసింహం కొట్లో, లక్ష్మీదేవి పటం కింద, ముఖమల్ గుడ్డ కప్పుకుని, నుదుట కుంకుమబొట్టుతో కూర్చుని ఉండేది. గుంటూరులో ఎవరో షావుకారు కొన్నాడని విని నరసింహం కూడా కొన్నాడు. కొన్నాక దానికి దసరా పూజ చేయడం తప్ప దాని చేత ఏ పనీ చేయించలేదు.

"చూడు జాన్ సాయిబూ," అన్నాడు ఒకరోజు. "మీ అమ్మాయి దీంతో కాటా పట్టీలు వేయిస్తే, రోజూ సాయంత్రం కొట్టు కట్టేదాకా దీని ముందు కూర్చుని ఏం నేర్చుకుంటదో నేర్చుకోమను. పట్టీ రాలేదా, దీన్ని గుంటూరుకి తోలేస్తా."

మున్నీకి ఇంకేమీ అక్కర్లేదు. ఆ కుర్చీ చాలు. నెలరోజులు కూర్చుని ప్రోగ్రామ్ రాసింది. బస్తా తూకం, తరుగు, ధర, కమీషన్ ఇస్తే, రైతుకి వచ్చేది లెక్కగట్టి పట్టీ అచ్చు వేస్తుంది. ఆ వీధి ఆడపిల్లలు కిటికీలోంచి తొంగిచూసి మాకూ నేర్పమంటే, మున్నీ నవ్వి ఊరుకునేది.

చిక్కల్లా ఒక్కటే. ప్రోగ్రామ్ లోపలికి ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ తెర నల్లగా ఉంటుంది. నల్లటి తెర చూడగానే నరసింహం "కాలిపోయింది!" అని మెయిన్ స్విచ్ కట్టేసేవాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఆయన్ని ఆపడానికి మున్నీ తెర మీద ఒక బొమ్మ వచ్చేలా చేసింది. చుక్కలు ఒక్కొక్క వరసా పడుతూ బొమ్మ తయారవుతుంటే, లోపల ప్రోగ్రామ్ ఎక్కుతుంది. ముందు ఆయన బేళ్ళ మీద వేసే మార్కా, కలశమే గీసింది. చుక్కలతో గుండ్రం రాక అది అచ్చం కల్లుకుండలా వచ్చింది. చెరిపేసి, ఇంటి పెరట్లో రోజూ చూసే కోడిపెట్టను గీసింది. కోడి బాగా కుదిరింది.

ఆ పొద్దున కొబ్బరికాయ కొట్టారు. రొంపిచెర్ల రైతు ఆరోగ్యస్వామి తన పత్తి బండి అందరికన్నా ముందు నిలబెట్టి, మొదటి పట్టీ తనదేనని మీసం దువ్వుకున్నాడు. తెర మీద చుక్కలు పడ్డాయి. ముక్కు, మెడ, పొట్ట, కాళ్ళు.

"ఏందమ్మాయ్ ఇది?" అన్నాడు నరసింహం.

"కోడి, బాబాయ్ గారూ."

"కోడా! లక్ష్మీదేవి పటం కింద కోడా? మా ఇంట్లో గుడ్డు పేరే ఎత్తరు. తీసెయ్, తీసెయ్!"

మున్నీ తీసేసింది. తెర నల్లబడింది. నరసింహం చెయ్యి దానంతటదే మెయిన్ స్విచ్ మీదికి పోయింది, కొట్లో దీపాలు కూడా ఆరిపోయాయి.

"అందుకే బొమ్మ పెట్టింది, షావుకారు గారూ," అన్నాడు జాన్ సాహెబ్, చీకట్లో నిలబడి.

నరసింహం స్విచ్ మళ్ళీ వేశాడు. "పోనీ ఆ పిట్టకి తోక పెంచు. కుమారస్వామి వాహనంలాగా ఉంటది. కోడనేది నాకూ తెలవదు, నీకూ తెలవదు."

మున్నీ తోక పెంచింది. ఇంకాస్త అన్నాడు, ఇంకాస్త పెంచింది. తెర నిండా పచ్చటి తోక విప్పుకుని అది నిలబడేసరికి నరసింహం పొంగిపోయాడు. "రండయ్యా, చూడండి!" అని తలుపులు బార్లా తెరిచి బజారునంతా పిలిచాడు.

బజారులో ముందుగా వచ్చింది ఎదుటి కొట్టు వెంకటప్పయ్య. ఆయనదీ పత్తి వ్యాపారమే. తాతల నాటి నుంచి ఆయన బేళ్ళ మీద పడే మార్కా నెమలి. పత్తి బజారులో ఇంటి పేరు మర్చిపోయినా మర్చిపోతారు గానీ మార్కా మర్చిపోరు. ఒకరి మార్కా మరొకరు వేస్తే, తేలేదాకా ఆ కొట్లో కాటా ఆడకూడదు. అది అక్కడి కట్టుబాటు.

వెంకటప్పయ్య తెర వంక చూశాడు. నరసింహం వంక చూశాడు. బయటికి వచ్చి చెయ్యెత్తాడు.

"కాటా ఆపండి! నా నెమలిని ఎత్తుకొచ్చి పెట్టెలో పెట్టుకున్నాడు!"

"నీ నెమలేందయ్యా? నీ నెమలి గోనె మీద ఉంటది. ఇది కరెంటు నెమలి!"

"తోక చూడు! నాదానికీ అట్టాగే విప్పారి ఉంటది!"

"ఏ నెమలికైనా తోక విప్పారే ఉంటది. నీదానికొక్కదానికే ఉందా?"

కాటా ఆగింది. ఆరోగ్యస్వామి బండి ఆగింది. దాని వెనక బండీ, ఆ వెనక బండీ ఆగాయి. వెంకటప్పయ్య తన ప్లీడరు శ్రీనివాసరావుని పిలిపించాడు.

శ్రీనివాసరావు పేరున్న ప్లీడరు. కాకపోతే ప్రాక్టీసంతా పొలం గట్ల తగాదాల మీదే సాగింది. ఏ దావా వచ్చినా నాలుగు దిక్కుల హద్దులు రాయకుండా ఆయన కలం కదలదు. కళ్ళజోడు తుడుచుకుని తెర ముందు కూర్చున్నాడు.

"దావా ఆస్తి నెమలి. సరే. దీనికి తూర్పు హద్దు ఏంది?"

"తోక, సార్," అన్నాడు వెంకటప్పయ్య.

"తోక ఆస్తిలో భాగమయ్యా. తోక అవతల?"

"అవతల చెక్క ఫ్రేము."

"తూర్పు, చెక్క ఫ్రేము. పడమర?"

"ముక్కు ముందర ఖాళీ, సార్."

"ఖాళీ ఎవరిది? సర్కారు పోరంబోకా?"

మున్నీ తల వంచుకుని కీబోర్డు మీద అక్షరాలు చదువుకుంటోంది. ప్లీడరు గారు టేపు తెప్పించి తెర కొలిచాడు. ఉత్తరాన లక్ష్మీదేవి పటం, దక్షిణాన కీబోర్డు అని రాసుకున్నాడు.

ఇంతలో బయట బండ్ల వరస బజారు దాటి మలుపు తిరిగింది. ఎందుకు ఆగాయని వెనక బండి వాళ్ళు ముందు బండి వాళ్ళని అడిగారు. "నెమలి గొడవంట" అని బయల్దేరిన మాట, వరస సగానికి వచ్చేసరికి "నరసింహం నెమలిని పట్టి పెట్టెలో పెట్టాడంట" అయింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన దాన్ని కోయబోతుండగా వెంకటప్పయ్య అడ్డం పడ్డాడంట. మలుపులో డ్యూటీ మీదున్న హెడ్డు కానిస్టేబుల్ వీరాంజనేయులు ఆ మాట విని టోపీ సర్దుకున్నాడు.

"జాతీయ పక్షయ్యా! బెయిలు కూడా రాదు!" అంటూ లోపలికి వచ్చాడు. "ఏదీ నెమలి? ఎవరు పట్టింది?"

"అదిగో," అన్నాడు వెంకటప్పయ్య, తెర వైపు చూపిస్తూ.

వీరాంజనేయులు తెర ముందు వంగాడు. అద్దం మీద కొట్టి చూశాడు. "ప్రాణంతో ఉందా?"

"బొమ్మండీ, బొమ్మ!" అన్నాడు జాన్ సాహెబ్.

"బొమ్మో, బొచ్చో, స్టేషన్‌లో తేలుద్ది. నెమలి ఏ పెట్టెలో ఉంటే ఆ పెట్టె జప్తు. ఈ నెమలి ఎవరిదో ముందు అది చెప్పండి."

అంతదాకా "నా నెమలి" అని గొంతు చించుకున్న వెంకటప్పయ్య ప్లీడరు గారి వెనక్కి జరిగాడు. నరసింహం లక్ష్మీదేవి పటం వైపు చెయ్యెత్తాడు.

"నాది కాదు! లక్ష్మీదేవి సాక్షి! బొమ్మా నాది కాదు, లోపల లెక్కా నాది కాదు. నాకు దీన్ని వెలిగించడం కూడా రాదు. అంతా ఆ పిల్లే రాసింది. నేను పెట్టెకి బొట్టు పెట్టాను, అంతే!"

రాసే అలవాటున్న ప్లీడరు గారి కలం ఆ మాటలు కూడా రాసేసుకుంది.

"అయితే అమ్మాయ్, నువ్వు జరుగు. పెట్టె ఎత్తాలి," అన్నాడు వీరాంజనేయులు.

మున్నీ లేవలేదు. పెట్టె స్టేషన్‌కి పోతే ఇక తిరిగి రాదని, వచ్చినా నరసింహం దాన్ని గుంటూరుకి తోలేస్తాడని ఆమెకి తెలుసు. కుర్చీ రెండు అంచులూ పట్టుకుంది. గొంతులో ఎప్పుడూ ఆగిపోయే మాట, ఇన్నాళ్ళకి బయటికొచ్చింది.

"అది నెమలి కాదు, సార్. కోడి."

"కోడా? ఇంత తోకా?"

"తోక నేను తర్వాత పెట్టాను. తీసేస్తాను, చూడండి."

తోక గీసే వరసలు ఒక్కొక్కటే చెరిపేసింది. వాకిట్లో జనం మెడలు చాచి చూశారు. మళ్ళీ ప్రోగ్రామ్ నడిపింది. చుక్కలు పడ్డాయి. ముక్కు, మెడ, పొట్ట, కాళ్ళు. ఆగిపోయింది.

"కోడే!" అని వాకిట్లోంచి ఆరోగ్యస్వామి అరిచాడు. "మా పెట్ట ఇట్టాగే నిలబడుద్ది!"

వీరాంజనేయులు అటుపక్క నుంచీ ఇటుపక్క నుంచీ చూశాడు. "కోడికి కేసు లేదు," అని టోపీ తీసి విసురుకున్నాడు.

వెంకటప్పయ్య ప్లీడరు చొక్కా లాగాడు. "సార్, నెమలి పోయింది. మరి మన దావా?"

"హద్దులున్నాయి గానీ ఆస్తి లేదయ్యా," అన్నాడు శ్రీనివాసరావు దిగులుగా. అంతలో ఏదో గుర్తొచ్చి సంచీలోంచి కొత్త పుస్తకం ఒకటి తీశాడు. హైదరాబాదు వెళ్ళినప్పుడు కొన్నాడు గానీ, పేటలో దాన్ని విప్పే కేసు ఒక్కటీ రాలేదు. పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. "ఉండండి. మూడేళ్ళ కిందట కాపీరైట్ చట్టం మార్చారు. కంప్యూటర్ ప్రోగ్రామ్ అంటే పుస్తకం లాంటిదే. ఎవరు రాస్తే హక్కు వాళ్ళది. పెట్టె నరసింహం గారిది. అందులో లెక్కా, కోడీ ఈ అమ్మాయివి."

"అదేందండీ!" అన్నాడు నరసింహం. పోలీసు భయం తగ్గేసరికి ఆయనకి ఆస్తి గుర్తొచ్చింది. "నా కొట్లో, నా కరెంటుతో, నా పని కోసం రాసిందిగా!"

"జీతం ఇచ్చి పనిలో పెట్టుకుని రాయించుకుంటే మీదయ్యేది. జీతం ఇచ్చారా?"

"టీ ఇప్పించా."

"ఎవరు తాగారు?"

నరసింహం గొంతు తగ్గింది. "జాన్ సాయిబు తాగాడు."

"పైగా 'నాది కాదు' అని లక్ష్మీదేవి సాక్షిగా మీరే అన్నారు. ఇదిగో, రాసుకున్నా."

అంతసేపూ వెంకటప్పయ్య కోడి వంక చూడటంలేదు. తోక పోయాక కాటా మళ్ళీ ఆడితే, మున్నీ అంకెలు కొట్టగానే అచ్చు మిషన్ గరగరమంటూ వేసిన ఆరోగ్యస్వామి పట్టీ వంక చూస్తున్నాడు. తూకం, తరుగు, కమీషన్ అన్నీ వరసలో పడ్డాయి. ఆయన గుమాస్తా ఒక్క పట్టీ రాయడానికి పట్టే సేపట్లో, ఇక్కడ బండి కదిలి వెళ్ళిపోయింది. ప్లీడరుని వదిలేసి మున్నీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, హక్కు నీదేనన్నాడుగా ప్లీడరు గారు. మరి ఇట్టాంటిదే నాకూ ఇస్తావా? నేనూ పెట్టె కొంటా."

"ఒరేయ్ వెంకటప్పయ్యా!" అని కేకేశాడు నరసింహం. "ఇందాక దావా వేస్తానని వచ్చి ఇప్పుడు బేరమా?"

"దావా నెమలి మీద. బేరం కోడి మీద. నీదేం పోయింది?"

అందరూ మున్నీ వైపు తిరిగారు. ఆమె తండ్రి వంక చూసింది. జాన్ సాహెబ్ చెవి మీద పెట్టుకున్న స్క్రూడ్రైవర్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, అంతే. ఇక తనే చెప్పాలని మున్నీకి అర్థమైంది.

"ఇద్దరికీ ఇస్తాను," అంది నెమ్మదిగా. "నరసింహం బాబాయ్ గారు మాటిచ్చిన కుర్చీ ఇవ్వాలి. మీ కొట్లో కూడా ఒక కుర్చీ కావాలి. ఈ వీధి ఆడపిల్లలు వస్తామంటున్నారు, వాళ్ళకి నేర్పిస్తా."

"కుర్చీలేగా! బెంచీ వేయిస్తా," అన్నాడు వెంకటప్పయ్య. "పెట్టె మీద నెమలి మాత్రం నాకు గీసియ్యి."

"కలశం నాకు!" అన్నాడు నరసింహం.

మున్నీ తల అడ్డంగా ఊపింది. పొద్దుటి నుంచి ఆ తోక వల్ల వచ్చిన గొడవంతా ఆమె కళ్ళ ముందే ఉంది. "మీ మార్కా మీ బేళ్ళ మీద వేసుకోండి, బాబాయ్. కోడి నా మార్కా. తోక మాత్రం పెంచను."

శ్రీనివాసరావు ఆ మాటలు కాగితం మీద పెట్టాడు. ఎన్నేళ్ళ అలవాటో, చివర్న కోడికి నాలుగు దిక్కులా హద్దులు కూడా రాశాడు. వీరాంజనేయులు సాక్షి సంతకం చేసి, బండ్ల వరస కదిలించడానికి వెళ్ళాడు.

ఆ నెలలోనే వెంకటప్పయ్య కొట్లోకి కూడా పెట్టె వచ్చింది, బెంచీ వచ్చింది, బెంచీ మీదికి ఆడపిల్లలు వచ్చారు. అప్పట్నుంచి పేట పత్తి బజారులో గుడ్డు ముట్టని ఇద్దరు షావుకార్లు, పొద్దున్నే చేతులు కట్టుకుని, మెయిన్ స్విచ్ జోలికి పోకుండా, కోడి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళు.