నిలకడ గల అభ్యర్థి

ఒక పెద్ద అడవిలో చిరుతలకు ఆకలి ఎక్కువ, మిగతా జంతువులకు నిద్ర తక్కువ. ఆ కాస్త నిద్రయినా పడుతున్నదంటే అది పింగళ అనే కొండముచ్చు చలవ. మద్దిచెట్టు మీద కూర్చుని, చిరుత జాడ కనబడగానే కేక వేయడం ఆమె ఉద్యోగం.

ఆ ఉద్యోగం మీద కలాపయ్య అనే నెమలి కన్ను పడింది.

"అయ్యా, పింగళకు నెలసరి ఉంది," అని అతడు సభలో విన్నవించాడు. "ఒక వారం నవ్వుతుంది, ఇంకో వారం కసురుతుంది. మన ప్రాణాలు ఇటువంటి మనిషి చేతిలోనా?"

"మనిషి అని తిట్టకు," అని మందలించి, సభాపతి భద్రయ్య అనే మగ ఏనుగు పింగళ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మాయీ?"

"నిజమేనండి. రక్తం పోయే రోజుల్లో నడుము లాగుతుంది. తర్వాత ఈస్ట్రోజెన్ పెరిగి హుషారు వస్తుంది. నెల మధ్యలో అండం విడుదలవుతుంది. ఆ పైన ప్రొజెస్టిరాన్ వంతు. గర్భం రాకపోతే రెండూ పడిపోతాయి, అప్పుడు చిరాకు. మళ్ళీ మొదటికి. అయితే నేను కేక వేయని రోజు ఏదో చెప్పండి."

చివరి మాట ఎవరికీ వినబడలేదు. సభ మొదటి మాట దగ్గరే ముక్కున వేలు వేసుకుంది. వేళ్ళు లేనివారు గిట్టలు వేసుకున్నారు.

కార్యదర్శి నక్క చట్టం ప్రకటించాడు: "హార్మోన్లను బట్టి స్వభావం మారే ఏ ప్రాణీ కావలికి అర్హం కాదు."

పింగళ కొమ్మ దిగింది. కలాపయ్య ఎక్కబోయాడు.

"ఆగు నాయనా," అంది ఒక ముసలి దుప్పి. "వానలు వెళ్ళగానే తోక ఈకలు రాలిపోయి పొదలో దాక్కున్నావే, అది దేనివల్ల?"

"అది కాలాన్ని బట్టి వచ్చే మార్పు."

"ఆమెదీ అంతేగా."

కొమ్ములు రాలిన మగ దుప్పులు నేలచూపులు చూశాయి. అందరి కళ్ళూ సభాపతి మీదికి మళ్ళాయి. భద్రయ్య కణతల నుంచి మదజలం ధారగా కారుతోంది.

"నేనా మారేది?" అంటూ అతడు వేదికను రెండు ముక్కలు చేశాడు.

"అయ్యగారిది హార్మోను కాదు, తేజస్సు," అన్నాడు నక్క, దూరం నుంచే. 

అడవంతా గాలించగా ఆ చట్టం పరీక్షలో నెగ్గినది ఒక్కటే, వాగు ఒడ్డున ఎండిన మోడు. దానికి దండ వేసి కావలి పెద్దను చేశారు.

మరునాడు చిరుత వచ్చి ఆ మోడు మీదనే గోళ్ళు నూరుకుంది. మోడు చలించలేదు.

పింగళకు అది నెలసరి మొదటి రోజు. మునగదీసుకుని పడుకున్నదల్లా ఆ గీకుడు విని కళ్ళు తెరిచింది. తనకెందుకులే అనుకుంది. దుప్పిపిల్లలు వాగు వైపే గెంతుతూ వెళ్ళడం చూసి, నడుము పట్టుకుని లేచింది.

"చిరుత వచ్చింది, పారిపోండి దద్దమ్మల్లారా," అని అరిచింది.

పిల్లలతో సహా అందరూ బతికారు. కలాపయ్య తోకలో సగం మాత్రం చిరుత నోట చిక్కింది.

ఆ సాయంత్రం సభ కూడింది. పదవి లేకుండా, పైగా దురుసుగా కేక వేసినందుకు పింగళను మందలించింది. ఆపద వేళ చెక్కుచెదరనందుకు మోడును సత్కరించింది.

నీతి: పదవిలో ఉన్నవారికి నిలకడ చాలు, కేక వేయడానికి పదవి లేనివారు ఎలాగూ ఉంటారు.