నా దోమపిల్లల్ని పొట్టన పెట్టుకున్న పేచ్చియమ్మ

దోమని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది! దోమే లేకపోతే మా తిరునెల్వేలిలో ఇంతమంది డాక్టర్లు ఎక్కణ్ణుంచి వచ్చేవారండీ? సూది వేసేవాళ్ళు కాదు, నాలాంటి పీహెచ్‌డీ డాక్టర్లు!

మా విద్య చాలా సులువు. ఏదో ఒక ఆకు కోయండి, నీడన ఎండబెట్టి పొడి కొట్టండి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీయండి. నీళ్ళలో ఈదే దోమ లార్వాల మీద పోయండి. చస్తాయి. జర్నల్లో పేపరు అచ్చేయించండి. తర్వాత? ఇంకో ఆకు! మా జిల్లాలో మేకలు కూడా మేం వదిలేసిన ఆకులే తింటున్నాయి.

కానీ చంపాలంటే ముందు బతికించాలి కదా! అందుకే మా పెరట్లో ట్రేల నిండా లార్వాల్ని పెంచుతున్నాను. మేత కుక్క బిస్కెట్ల పొడి, ఈస్టు. టీతోపాటు నాకో బిస్కెట్టు దక్కి ఎన్నాళ్ళయిందో మా ఆవిడనే అడగండి. ట్రేల మీది వల చిరిగిందన్నది మాత్రం గిట్టనివాళ్ళ ప్రచారం.

ఇంతలో పక్కింటి పేచ్చియమ్మ మనవరాలికి డెంగీ వచ్చింది. పెద్దాస్పత్రిలో చేర్చారు. ఆవిడ తిన్నగా మా గుమ్మంలోకొచ్చింది.

"సారూ, వావిలాకు రసానికి దోమపిల్లలు చస్తాయని కనిపెట్టే కదా మీరు శాలువా కప్పించుకుంది? ఓ బిందెడు ఇవ్వండి, మన వీధి కాలవలో పోస్తాను."

"అమ్మా, అది కాలవ కోసం కాదు, జర్నల్ కోసం!" అన్నాను గంభీరంగా.

"జర్నల్లో దోమలున్నాయా సారూ?"

నాకు నవ్వొచ్చింది. పామరులు!

మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్దును గదా, ట్రేల నిండా శవాలు! పేచ్చియమ్మ తన కంచెలోని వావిలాకు రుబ్బి, కాచి, కాలవలోనూ వాడుకనీళ్ళ తొట్లలోనూ పోసి, మిగిలింది మా పెరట్లో గుమ్మరించి పోయింది.

"ఎంత పని చేశావమ్మా! అందులో మందు పొయ్యకుండా పోల్చి చూసుకునే కంట్రోల్ ట్రే కూడా ఉంది! అవి బతకాల్సినవి!" అని లబోదిబోమన్నాను.

"బతకాలా? మా పిల్లకి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే మీరు దోమల్ని బతికిస్తారా? మీకు చదువెవరు చెప్పారు సారూ!"

తన మందు పనిచేసిందని ఏడ్చిన శాస్త్రవేత్తని నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎన్ని గ్రాములు వేశావమ్మా అంటే "చేతికొచ్చినంత" అంది. దీన్ని ఏ జర్నలు వేసుకుంటుంది, చెప్పండి?

పాప ఇంటికొచ్చింది. నిజం చెప్పొద్దూ, చూసి సంతోషించాను కూడా. కాసేపే. ఇప్పుడు వీధంతా వావిలాకు కాచి పోస్తోంది. జ్వరాల్లేవు, దోమల్లేవు, నా ప్రాజెక్టు గంగలో కలిసింది.

పక్కపేటలో ఇంకా ఇంటికో జ్వరం ఉందట. ఆకు సంగతి అక్కడెవరికీ తెలీదట. అద్దె ఇల్లు చూసుకున్నాను, సామాన్లు సర్దుతున్నాం. మీకు పుణ్యముంటుంది, పేచ్చియమ్మకి అడ్రసు చెప్పకండి!